పిట్టగోడ మీద ఎవరున్నారు

ఇది ఇప్పుడే రాయాలి. నవంబరు మూడో తేదీ సాయంత్రానికి కచేరీవాళ్ళు పడవ ఆగే గదుల జాబితా కట్టేస్తారు. ఆలోపు 14వ పంపుగదిలో మనిషి ఉన్నాడో లేడో నాకు తెలియాలి. కబుర్లు పంపే పెట్టెలో అడిగితే జవాబు వెంటనే వస్తుంది. అందుకే పెట్టెలో అడగడం మానేశాను. కాగితం మీద రాసి, గ్రీజు డబ్బాలో పెట్టి, మూతకి మైనం పూసి, కాలువలో వదులుతున్నాను.

ఇది దొరికినవాళ్ళు 14వ గదిలో ఉండే అప్పలస్వామి మావకి ఇవ్వండి. ఆయన లేకపోతే మీరే చదవండి. అందుకే మావకి తెలిసిన సంగతులు కూడా రాస్తున్నాను.

నా పేరు నూకరత్నం. సముద్రపు గట్టు మీద 13వ పంపుగది కాపలా నాది. మా ఇంట్లో వేలిముద్ర కాకుండా సంతకం పెట్టిన మొదటి మనిషిని నేనే. గదికి ఒక్కరే ఉంటాం. గదికీ గదికీ ఆరు కిలోమీటర్లు. గట్టులోంచి ఊరిన నీళ్ళు లోపలి కాలువలోకి చేరతాయి. కాలువ 11 నుంచి 14 వైపు పారుతుంది. పంపులు ఆ నీళ్ళని తిరిగి సముద్రంలోకి తోస్తాయి. మూడు గంటలకొకసారి ఇనుప జల్లెడకి పట్టిన నాచు తీసేసి, కొలకర్ర మీద మట్టం చూసి రాయడం మా పని. నాచు తీయకపోతే పంపు ఆగిపోతుంది. మట్టం నలభై ఎనిమిది అంగుళాలు దాటితే నీళ్ళు లోపలి కట్ట పొర్లి ఊళ్ళమీద పడతాయి.

కింద ఉన్నది నా మట్టం పుస్తకంలో ఏ రోజుకారోజు రాసుకున్నదే. నాకు సిగ్గు తెచ్చే ముక్కలు కూడా తీసేయలేదు.

అక్టోబరు 5. మట్టం 31.

తుఫాను పోయింది. వారం రోజులు జల్లెడ దగ్గరే ఉన్నాను. అరచేతుల్లో తోలు లేదు. పొద్దున పెట్టె ముందు కూర్చుని పిట్టగోడ తెరిచాను. మా నలుగురి గుంపుకి పెట్టుకున్న పేరది. తంతి సన్నది, గొంతు వెళ్ళదు, అక్షరాలే వెళ్తాయి. 11లో ఉండేది జిలానీ. 12లో ఎస్తేరక్కకి చదువు రాదు. ఆమె మాట్లాడితే పెట్టె రాస్తుంది, మేం రాసింది ఆమెకి చదివి వినిపిస్తుంది.

మావ: ఏటర్రా, ఇయ్యాల ఏటి కూర?

జిలానీ: ఎండు చేప మావా. నిన్నా అదే, రేపూ అదే. రోజూ అడిగి పుండు మీద కారం జల్లబాక.

ఎస్తేరక్క: నేను తోటకూర పప్పు వండానయ్యా. తొట్టెలో గుబురుగా లేచింది. రండి అందరూ.

మావ: వత్తును గానీ పన్నెండు కిలోమీటర్లు ఈదాల. నానొచ్చేసరికి పప్పు సల్లారిపోద్ది.

నేను: వేడిగా పెడితే చాలక్కా, మావ గ్రీజైనా తినేస్తాడు.

మావ: ఒలే నూకా, నా ఇంటి గుట్టు గట్టుమీద పెట్టకే.

నవ్వుకున్నాను. తుఫానులో ఈ గుంపు మూతపడకుండా కాచింది బొమ్మలే. ఆరు గంటలు ఎవరూ మాట్లాడకపోతే తంతి వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. నిరుడు ఉత్తరం వైపు ఒక గుంపు అలాగే పోయింది. ఆ ఐదుగురూ మళ్ళీ కలవలేదు. మాకు అలా కాకూడదని బొమ్మలు పెట్టుకుందామన్నది నేనే. పెట్టెలోని బొమ్మకి మన రెండేళ్ళ కబుర్లు తినిపిస్తే, మనం పనిలో ఉన్నప్పుడు మన తీరులోనే నాలుగు మాటలు అంటుంది. కచేరీ కాగితాల్లో దాన్ని ప్రతినిధి అంటారు. చేలో దిష్టిబొమ్మలాంటిదేలే అన్నాడు మావ. ఆ పేరే నిలిచింది. ఎస్తేరక్కదీ జిలానీదీ నాదీ నేనే చేశాను. మావ మాత్రం ఒప్పుకోలేదు. "నా మొకం నువ్వు సేత్తే ముక్కు ఒంకరొత్తాది" అని తనది తనే చేసుకున్నాడు.

మాకొక కట్టుబాటు ఉంది. మాట్లాడుతున్నది నువ్వా, బొమ్మా అని అడగకూడదు. భోజనానికి వచ్చిన చుట్టాన్ని ఎప్పుడు వెళ్తావని అడిగినట్టుంటుంది.

అక్టోబరు 9. మట్టం 33.

పంపుకి గ్రీజు పెట్టే రోజు. పొద్దున్నుంచీ బొమ్మనే వదిలేశాను. సాయంత్రం చివరి పది మాటలు చూశాను. అందరూ తిన్నారు, అందరూ బాగున్నారు. నా బొమ్మ మాట్లాడినవి నేను మళ్ళీ చదవను. మన మాటేగా అనిపిస్తుంది.

వాన లేదు. మట్టం ఎందుకు పెరుగుతోంది?

అక్టోబరు 11. మట్టం 34.

జ్వరం. జల్లెడ దగ్గరికి తప్ప లేవలేదు. పిట్టగోడ బొమ్మకే వదిలేశాను.

అక్టోబరు 13. మట్టం 36.

ఉదయం జల్లెడకి నీలం డ్రమ్ము ముక్క ఒకటి తగులుకుంది. అడ్డంగా కోసి, అడుగున బెజ్జాలు పెట్టి ఉంది. అంచుకి పసుపు రంగుతో 12 అని అంకె. లోపల తోటకూర మొదళ్ళు వేళ్ళతో సహా ఉన్నాయి. కుళ్ళి జిగురైపోయాయి. రెండు వారాలైనా నీళ్ళలో నాని ఉంటాయి.

చేతులు కడుక్కుని వచ్చి పెట్టె చూశాను.

ఎస్తేరక్క: ఇవాళ మళ్ళీ తోటకూరే పిల్లలూ. తొట్టెలోంచి ఇప్పుడే కోసుకొచ్చా.

అక్టోబరు 14. మట్టం 37.

"అక్కా, నీ తొట్టె నా జల్లెడకి తగులుకుంది" అని రాశాను.

ఎస్తేరక్క: అయ్యో, కొట్టుకొచ్చిందా? పోతే పోయిందిలేవే. ఇంకోటి పెట్టుకున్నా.

రెండు వారాల్లో తోటకూర కోతకి రాదు. అయినా ఆ మాట ఎస్తేరక్క అనేదే. ఏది పోయినా పోతే పోయిందిలే అంటుంది.

ఆమెకే తెలిసినది ఒకటి అడుగుదామని కూర్చున్నాను. గంటసేపు ఆలోచించాను. ఏదీ దొరకలేదు. ఆమె చెల్లెలి పేరు, ఏ కూరలో ఏ పోపు, ఏ పాట సగంలో మర్చిపోతుందో, అన్నీ పిట్టగోడ మీద మాట్లాడుకున్నవే. బొమ్మ అవన్నీ తిన్నదే. మా స్నేహంలో అది తిననిది ఏమీ మిగల్లేదు.

పెట్టెలు రాకముందు మూడు నెలలు శిక్షణ శిబిరంలో పక్కపక్కన పడుకున్నాం. ఆ మాటే అడిగాను. "మొదటిరోజు నేను అన్నం తినకుండా ఏడుస్తుంటే ఏం చేశావో గుర్తుందా అక్కా?"

ఎస్తేరక్క: ఆ రోజులెక్కడ గుర్తుంటాయే తల్లీ. ముందు నువ్వు తిన్నావా?

ఆ రోజు నా కంచంలోది తన కంచంలో వేసుకుని కలిపి, ముద్దలు చేసి నా అరచేతిలో పెట్టింది. మరచిపోయి ఉండొచ్చు. మనుషులు మరచిపోతారు.

అక్టోబరు 15. మట్టం 37.

కచేరీకి రాశాను. 12వ గదికి పడవ పంపించి చూడమన్నాను. నేను రాయడం పూర్తికాకముందే వచ్చినట్టుగా జవాబు వచ్చింది.

"12వ గది కాపలాదారు హాజరు ఈ రోజు 46 సార్లు నమోదైంది. మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టే లెక్క."

మా హాజరు పిట్టగోడ నుంచే తీసుకుంటారు. ఒక గదిలోంచి రెండు రోజులు మాట రాకపోతేనే పడవ. ఈ సంగతి బొమ్మలు చేసిననాడు నాకు తెలుసు. ఇంకా మంచిదే, హాజరు పోదు అనుకున్నాను.

అక్టోబరు 16. మట్టం 38.

కట్టుబాటు తప్పాను. ఎస్తేరక్క బొమ్మ చిట్టా తెరిచాను. బొమ్మని చేసినవాళ్ళకి అది కనిపిస్తుంది. ఏ మాట నోటిది, ఏ మాట బొమ్మది అని వేరువేరుగా ఉంటుంది.

ఆమె నోటిమాట చివరిసారి సెప్టెంబరు 29న వచ్చింది. పదిహేడు రోజులు.

నేను జల్లెడ దగ్గర ఉన్న తుఫాను రోజు అది. ఆ రోజు మాటలు వెనక్కి వెళ్ళి చదివాను. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

ఎస్తేరక్క: నూకా, ఉన్నావా? గేరు మూత నా మీద పడిందే. కాలు కింద ఉండిపోయింది. రావట్లా. నాకు రాయడం రాదుగా, కచేరీకి అర్జీ రాసి పెట్టవే.

నేను: అలాగే అక్కా, రాసేస్తాలే.

ఎస్తేరక్క: రాశావా?

నేను: రాసేశానక్కా. నువ్వేం కంగారుపడకు.

ఎస్తేరక్క: పడవ ఎప్పుడంట?

నేను: వచ్చేస్తుందిలే అక్కా. ఏమైనా తిన్నావా?

ఎస్తేరక్క: నీళ్ళ చెంబు అందట్లేదే. సరే, నువ్వు రాశావుగా. చూస్తుంటా.

ఆ తర్వాత మాట లేదు. ఆరు గంటలు నిండకుండా ఆమె బొమ్మ లేచింది. "ఏం కూర పిల్లలూ?" అంది.

నేను అని ఉన్న చోట ఉన్నది నా బొమ్మ. కచేరీకి పిట్టగోడ మాటలు చెల్లవు, పెట్టె విని రాసినదీ చెల్లదు, అర్జీ మనిషి తన చేత్తోనే రాయాలి. ఎస్తేరక్క అర్జీలు రెండేళ్ళుగా నేనే రాస్తున్నాను. గొడుగు కావాలన్నా, కళ్ళమందు కావాలన్నా, చెల్లెలికి కబురు పంపాలన్నా. ప్రతిసారీ నేను అన్న మాట అదే. అలాగే అక్కా, రాసేస్తాలే. నా బొమ్మ ఆ మాట బాగా నేర్చుకుంది.

వేరే ఎవరైనా ఆ మాట అని ఉంటే ఎస్తేరక్క నమ్మేది కాదు. అరిచేది, జిలానీని పిలిచేది. చదువుకున్న పిల్ల రాశానంటే రాసినట్టే అనుకుని ఊరుకుంది.

సాయంత్రం అర్జీ రాశాను. పదిహేడు రోజులు ఆలస్యంగా. జవాబు: "12వ గది హాజరు ఈ రోజు 41 సార్లు."

అక్టోబరు 17. మట్టం 39.

జిలానీ చిట్టా కూడా తెరిచాను. భయపడుతూనే తెరిచాను.

అతని చివరి నోటిమాట పదకొండో తారీఖున. నాకు జ్వరం వచ్చిన రోజు.

జిలానీ: నూకమ్మే, పన్నెండో పంపు చప్పుడు గాలిలో ఇనపడటం లా. నాలుగు రోజుల్నుంచి అక్క ఒకే కూర చెప్తుండాది. నాకెందుకో బాగలా. గట్టుమీద నడిచి పోయి చూసొస్తా. రేపు పొద్దునకి రాకపోతే కచేరీకి చెప్పు.

నేను: అలాగే జిలానీ, జాగ్రత్తగా వెళ్ళిరా.

మావ: ఎల్తే ఎల్లావు గానీ పప్పు నాకూ ఓ గిన్నెడు అట్టుకురా.

మర్నాడు పొద్దున జిలానీ పేరుతో: "ఏముంది మావా, ఎండు చేపే."

నాకంటే ముందే కట్టుబాటు తప్పింది వాడు. బొమ్మని అడగలేదు. నడిచి వెళ్ళాడు.

పొద్దున జల్లెడ నాచు తీసి నేనూ 12 వైపు నడిచాను. మూడో కిలోమీటరు రాయి దగ్గర గట్టు పైభాగం లేదు. అలలు అటునుంచి ఎక్కి ఇటు దూకుతున్నాయి. అంచున కూర్చుని అరిచాను. అల చప్పుడు తప్ప ఏమీ లేదు. అటు పదకొండుకీ పన్నెండుకీ మధ్య కూడా ఇలాగే ఉందేమో. తిరిగొచ్చేసరికి నా జల్లెడ సగం మూసుకుపోయింది, పంపు మూలుగుతోంది. ఇంకో గంట ఆలస్యమైతే ఇదీ ఆగేది. ఇక నేను ఎటువైపూ కదలలేను.

అక్టోబరు 18. మట్టం 40.

బొమ్మల్ని ఆపితేనే పడవ వస్తుంది. జిలానీది ఆపాను. నాది ఆపాను. ఎస్తేరక్కది ఆపబోతుంటే తెర మీద మాట పడింది.

ఎస్తేరక్క: ఏమ్మా, గొంతు విప్పట్లేదు పొద్దున్నుంచీ? తిన్నావా?

తిన్నానక్కా అని రాశాను. నేను తినలేదు. తర్వాత ఆపేశాను.

ఈ గట్టుమీద తిన్నావా అని నన్ను అడిగేది అదొక్కటే.

అక్టోబరు 20. మట్టం 41.

కచేరీ: "11, 12 గదుల హాజరు లేదు. సముద్రం తగ్గాక పడవ బయలుదేరును. ఆగవలసిన గదుల జాబితా నవంబరు 3 సాయంత్రం ఖరారు."

ఒక మనిషి రాసినట్టు లేదు. అక్కడైనా ఎవరైనా ఉన్నారో లేదో.

అక్టోబరు 24. మట్టం 43.

పిట్టగోడ మీద ఇప్పుడు ఇద్దరమే.

మావ: ఏటే పిల్లా, ఆళ్ళిద్దరూ ఏరి? మనమీద అలిగినారా?

నేను జరిగినదంతా రాశాను. ఒక్కటీ దాచలేదు. చాలాసేపటికి జవాబు వచ్చింది.

మావ: అయ్యో. ఎస్తేరు మంచి మనిసే. ఏటి సేత్తాం.

ఆ చాలాసేపట్లో మావ ఏడ్చాడో, బొమ్మకి ఇలాంటి మాట ఎప్పుడూ తినిపించక తడుముకుందో నాకు తెలియదు. మావ బొమ్మ తనే చేసుకున్నది, దాని చిట్టా నాకు కనిపించదు, ఆపడమూ నా చేతిలో లేదు. పదకొండో తారీఖున జిలానీ వెళ్తున్నానంటే పప్పు తెమ్మన్నది ఎవరు? మావ అయితే అలాగే అంటాడు. బొమ్మ అయినా అలాగే అంటుంది.

అక్టోబరు 27. మట్టం 44.

అడిగేశాను. "మావా, నువ్వేనా?"

మావ: సివరికి నన్నే అడిగీసినావా? నాను కాకపోతే నీ తాతేటే?

పెట్టె మూసి మట్టం పుస్తకం ముందేసుకున్నాను.

పన్నెండు ఒక్కటే ఆగితే ఇంత పెరగదు. పదకొండు కూడా ఆగితే ఇంత పెరగొచ్చు. పద్నాలుగు ఆగి ఉన్నా ఇంతే పెరుగుతుంది. ఎన్నిసార్లు లెక్కవేసినా రెండూ సరిపోతున్నాయి.

అక్టోబరు 29. మట్టం 45.

మావా, ఇక్కడి నుంచి నీకే రాస్తున్నాను. ఈ డబ్బా నా జల్లెడ దాటించి వదిలితే రేపటికి నీ జల్లెడకి తగులుతుంది. నాచు తీస్తూ ఉంటే నీ చేతికే దొరుకుతుంది.

హాజరు ఉన్న గదికి విడిగా పడవ పంపరు గానీ, ఎలాగూ వచ్చే పడవే కాబట్టి, నువ్వు లేవని నేను కచేరీకి రాస్తే వాళ్ళు 14 దగ్గర ఆగుతారు. నువ్వుండగా రాస్తే, అర్జీలో లేడన్న మనిషి లేనట్టే లెక్క అని నీ కాపలా రద్దు చేసి దింపేస్తారు. నీ ఊరు నీళ్ళకింద ఉంది, ఈ గది తప్ప నీకు చోటు లేదని ఎన్నోసార్లు అన్నావు. అది నీ నోటితో అన్నది. బొమ్మలు రాకముందు. నేను రాయకుండా ఊరుకుంటే, నువ్వు ఏ మూత కిందో పడి ఉంటే, మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టేనని పడవ నీ గది ముందు నుంచే వెళ్ళిపోతుంది. ఒకసారి రాయకుండా ఒక మనిషిని పోగొట్టుకున్నాను. రాసి ఇంకొకర్ని పోగొట్టుకోలేను.

వేసవిలో నువ్వు బెల్టు మార్చడానికి గంటసేపు పంపు ఆపావు, గుర్తుందా? నా కర్ర మీద రెండంగుళాలు లేచింది. నువ్వు చెప్పకముందే "మావా, బెల్టు తెగిందా?" అని నేను రాశాను. "నీ కర్రకి కళ్ళున్నాయే" అన్నావు.

నవంబరు 2, ఉదయం సరిగ్గా ఎనిమిదింటికి నీ పంపు ఆపు. తొమ్మిదింటికి మళ్ళీ నడుపు. బొమ్మకి చేతుల్లేవు, మీట తిప్పలేదు. నేను కొలకర్ర ముందు కూర్చుంటాను. మట్టం లేవాలి, లేచి మళ్ళీ దిగాలి. లేచి దిగకపోతే అది జల్లెడ మూసుకుపోయి ఆగిన పంపు, నువ్వు కాదు. అసలు లేవకపోయినా నువ్వు కాదు.

పిట్టగోడ మీద ఏమీ చెప్పకు. అక్కడ నువ్వు ఎంత బాగా మాట్లాడినా నమ్మే ఓపిక నాకు లేదు. నవ్వించకు కూడా.

మూడో తేదీ మధ్యాహ్నం దాకా ఆగుతాను. మట్టం లేచి దిగకపోయి ఉంటే, ఆ తర్వాత అర్జీ రాస్తాను, ఈసారి నా చేత్తోనే. అంతకుముందు ఒక్క గంట పంపు ఆపు మావా. రెండో తేదీ, ఎనిమిదింటికి.

నూకరత్నం
13వ పంపుగది